తవ్వకానికి ముందు మట్టీ నీళ్లూ పరీక్ష చేసిన సంస్థకి ఐదుకి నాలుగు స్టార్లు

హైదరాబాద్‌లో జీడిమెట్ల పారిశ్రామికవాడకి కిలోమీటరు దూరంలో, సూరారం వైపు, 1,150 గజాల స్థలం డెవలప్‌మెంట్‌కి తీసుకుని అపార్ట్‌మెంట్ కడుతున్నాను. ఆ మట్టిలో, భూగర్భజలంలో రసాయనాలు ఉన్నాయేమో చూసి, ఉంటే పని ఎలా చేయాలో చెప్పడానికి ఈ సంస్థని పెట్టుకున్నాను. ఏడాది దాటింది, మూడో స్లాబ్ పడింది. వాళ్ల పనిలో మంచీ చెడూ రెండూ చూశాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

ముందు ఒక మాట. మన బిల్డర్లలో 'సాయిల్ టెస్ట్' అంటే నేల ఎంత బరువు మోస్తుందో చూసే పరీక్ష. నేనూ అదే చేయించాను. రెండున్నర మీటర్ల దగ్గర గట్టి మొరం తగిలిందని, చదరపు మీటరుకు 25 టన్నులు మోస్తుందని రిపోర్టు వచ్చింది. అందరూ సంతోషించారు. ఆ రిపోర్టులో మట్టికి వాసన ఉందా, రంగు మారిందా, నీళ్లలో ఏం కలిసింది అన్న ఊసే లేదు. అది ఆ పరీక్ష తప్పు కాదు, దాని పనే అది కాదు. కానీ బ్యాంకు అడగలేదు, పర్మిషన్ దగ్గర ఎవరూ అడగలేదు, నేనూ 22 ఏళ్లుగా ఎప్పుడూ అడగలేదు.

ఈసారి అడగడానికి కారణం ఉంది. మా అమ్మమ్మ వాళ్ల ఊరు నక్కవాగు ఒడ్డున. పటాన్‌చెరు ఫ్యాక్టరీల నీళ్లు ఆ వాగులో కలిసిన రోజుల్లో నేను చిన్నపిల్లవాణ్ని. వాగు దాకా వెళ్లిన బర్రెలు నీళ్లు తాగకుండా వెనక్కి తిరిగి రావడం కళ్లారా చూశాను. 1990లో ఆ కాలుష్యం మీద సుప్రీంకోర్టులో కేసు పడింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో తీవ్రంగా కలుషితమైన 43 పారిశ్రామిక ప్రాంతాల జాబితా ఇస్తే, అందులో పటాన్‌చెరు-బొల్లారం ఉంది. అమ్మమ్మ చనిపోయేదాకా ఆ వాగు నీళ్లు మళ్లీ బాగుపడతాయని ఎదురు చూసింది. అందుకే ఈ స్థలంలో పాత రేకుల షెడ్డు కూలగొట్టినప్పుడు మట్టి మీద ఇంద్రధనుస్సులాంటి నూనె మరక కనబడగానే నాకు నిద్ర పట్టలేదు.

వీళ్ల పని రెండు దశలు. మొదటి దశకి 60 వేలు, రెండో దశకి 2 లక్షల 85 వేలు, మీద జీఎస్టీ. మొత్తం 4 లక్షల 7 వేల చిల్లర అయింది. మొదటి దశలో ఒక్క గుంత కూడా తవ్వరు. అరవై వేలు దేనికి అని నాకూ అనిపించింది. ఇప్పుడైతే ఆ అరవై వేలే అన్నిటికన్నా బాగా ఖర్చయిన డబ్బు అంటాను.

వచ్చిన ఇంజినీరు మేడమ్ భూగర్భజలాల మీద చదువుకున్నారు. రెండు రోజులు స్థలం చుట్టూ తిరిగారు. పాత ఉపగ్రహ చిత్రాలు తీసి షెడ్డు ఎప్పుడు వచ్చింది, వెనక మూలలో నల్లటి మచ్చ ఏ ఏడాది నుంచి కనిపిస్తోంది అని వరసగా చూపించారు. పాత కరెంటు బిల్లులు అడిగారు. తర్వాత ఎదురుగా ముప్పై ఏళ్లుగా చాయ్ బండి నడుపుతున్న పెద్దాయన దగ్గర కూర్చుని గంటసేపు మాట్లాడారు. అసలు సంగతి అక్కడే బయటపడింది.

"డ్రమ్ములు కడిగేటోళ్లు మేడమ్. మందుల కంపెనీల ఖాళీ డ్రమ్ములు తెచ్చి కడిగి అమ్మేటోళ్లు. ఆ నీళ్లన్నీ ఎనక మూలకున్న ఎండిన బోరులనే పోసేటోళ్లు. ఎంత పోసినా నిండకపోయేది."

స్థలం యజమానురాలిని అక్కా అని పిలుస్తాను. ఆమెను అడిగితే కళ్లనీళ్లు పెట్టుకుంది. "మా ఆయన కిరాయికి ఇచ్చిండు తమ్ముడూ, లోపల ఏం చేసేటోళ్లో మేమెన్నడూ చూడలే" అంది. ఆమె మాట నిజమే. చాలా స్థలాల కథ ఇదే. కిరాయికి తీసుకున్నవాడు వెళ్లిపోతాడు, మరక మట్టిలో ఉండిపోతుంది.

ఆ బోరు మాకు కనబడనే లేదు. మీద బండలు పరిచి ఉన్నాయి. బండలు తీస్తే ఆరున్నర అంగుళాల కేసింగు, లోతు 180 అడుగులు. మేడమ్ అక్కడే నిలబడి చెప్పారు. మన దగ్గర కింద గ్రానైటు, నీళ్లు రాతి పగుళ్లలోనే నడుస్తాయి. పైన పోసింది మామూలుగా మట్టిలో మెల్లగా ఇంకుతుంది, మట్టి కొంత పట్టి ఉంచుతుంది. బోరులో పోస్తే నేరుగా పగుళ్లలోకే పోతుంది, మధ్యలో ఆపేది ఏమీ లేదు.

రెండో దశలో ఆరు చోట్ల డ్రిల్ చేసి మట్టి తీశారు, మూడు చోట్ల నీటి పరిశీలన బావులు దింపారు. మూడే ఎందుకని అడిగాను. మూడు చోట్ల నీటిమట్టం కొలిచి, వాటి ఎత్తులు లెవెల్ మిషన్‌తో చూస్తే నీళ్లు ఏ వైపు నడుస్తున్నాయో తెలుస్తుందట, రెండు బావులతో అది తేలదు. మా స్థలంలో నీళ్లు వెనక మూల నుంచి ఏటవాలుగా పక్క ఇళ్ల వైపు నడుస్తున్నాయి. ఆ మాట విన్న క్షణం నుంచి నా ఆలోచన నా బిల్డింగు మీద నుంచి ఆ ఇళ్ల మీదికి పోయింది.

నమూనాలు తీసే పద్ధతి దగ్గరుండి చూశాను, అందుకే దాని మీద నాకు నమ్మకం కుదిరింది. ప్రతి నమూనాకీ చేతి గ్లవ్స్ మార్చారు. నీళ్లు ముందు కొంత తోడి పారబోసి, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం), కండక్టివిటీ (కరెంటు ప్రవహించే గుణం) నిలకడకి వచ్చాకే సీసాలు నింపారు. పారబోసిన నీళ్లు కూడా నేల మీద పోయలేదు, డ్రమ్ములో పట్టారు. ఆవిరైపోయే రసాయనాల కోసం 40 మిల్లీలీటర్ల చిన్న సీసాలు వాడారు. వాటిలో గాలిబుడగ ఒక్కటి కూడా ఉండకూడదని నమూనాలు తీసే కుర్రాడు తలకిందులు చేసి, వేలితో తట్టి చూసి, బుడగ కనబడితే పక్కన పడేసి ఇంకోటి పట్టాడు. అన్నీ ఐస్ పెట్టెలో పెట్టి, ఏది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో కాగితం మీద సంతకాలతో సహా రాశారు.

వెనక మూలలో 1.8 మీటర్ల దగ్గర నల్లటి పొర వచ్చింది, 2.4 దాకా ఉంది. గోళ్లరంగు, థిన్నర్ కలిసినట్టు వాసన. నేను వంగబోతే ఆ కుర్రాడు గట్టిగా చెయ్యి అడ్డం పెట్టాడు. "అన్నా, ముక్కు పెట్టకు, దానికి మీటరుంది" అన్నాడు. ఆ మీటరు గురించి మేడమ్ చెప్పింది కూడా గుర్తుంచుకోవాలి. టోలుయిన్, డైక్లోరోమీథేన్ అని ఆవిరైపోయే రెండు ద్రావకాలు ఉన్నాయి. ఆవిరిని పట్టే ఆ చేతి మీటరు టోలుయిన్‌ని బాగా చూపిస్తుంది, డైక్లోరోమీథేన్‌ని మాత్రం మీటరు లోపల మామూలుగా వాడే అతినీలలోహిత దీపంతో చూపించలేదు. కాబట్టి మీటరు సున్నా చూపిస్తే ఏమీ లేదని అనుకోకూడదు, ల్యాబ్‌కి పంపాల్సిందే. మందుల కంపెనీల డ్రమ్ములంటే ఆ రెండూ ఉంటాయని ఆమె ముందే అనుకున్నారు.

రిపోర్టులో రెండూ వచ్చాయి. టోలుయిన్ నీటికన్నా తేలిక, పైన తేలుతుంది. డైక్లోరోమీథేన్ నీటికన్నా బరువు, కిందికి దిగి పగుళ్లలో కూర్చుంటుంది. అందుకే నీటి నమూనా ఏ లోతులో తీశారన్నది ముఖ్యం. వెనక బావిలో డైక్లోరోమీథేన్ లీటరుకు 310 మైక్రోగ్రాములు, పక్క బావిలో 45. తాగేనీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 20. ముందు బావిలో ఏమీ లేదు. కరిగిన లవణాలు వెనక బావిలో లీటరుకు 2,900 మిల్లీగ్రాములు, మన తాగునీటి ప్రమాణంలో వేరే నీటి వసతి లేనప్పుడు కూడా 2,000 దాటకూడదు.

ఇక పక్కింటి సంగతి. ప్రహరీ అవతల రెండు ఇళ్లు, రెండింటికీ బోర్లు. వాళ్లకి చెబితే గొడవవుతుందని, పని ఆగిపోతుందని నాతో ఉన్నవాళ్లు చాలామంది అన్నారు. రాత్రంతా ఆలోచించి పొద్దున్నే మేడమ్‌కి ఫోన్ చేశాను. ఆమె ఒక్క మాట కూడా వెనకాడకుండా ఆ రోజే వచ్చారు. ఇద్దరం కలిసి వెళ్లాం. మొదటి ఇంట్లో డెబ్బై దాటిన పెద్దమ్మ ఒక్కతే ఉంటుంది. తాగడానికి క్యాన్ నీళ్లే, కానీ బియ్యం కడగడానికి, వంటకి, అంట్లకి బోరు నీళ్లే. మేడమ్ ఆమె పక్కన అరుగు మీద కూర్చుని, భయపెట్టకుండా, దాచకుండా చెప్పారు. ఆ రెండు ఇళ్ల నమూనాలకి పైసా తీసుకోలేదు. పెద్దమ్మ బోరులో డైక్లోరోమీథేన్ 28 వచ్చింది, రెండో ఇంట్లో ఏమీ దొరకలేదు. వారంలోపు ఆమె వంటింటికి వాటర్ బోర్డు నల్లా కలిపించాను. పెద్దమ్మ నా చేతులు పట్టుకుని "చెప్పినవ్ బిడ్డా, చెప్పకుంటే నాకెట్ల తెలుస్తది" అంది. ఈ సంస్థకి నేను ఇచ్చే నాలుగు స్టార్లలో రెండు ఆ ఒక్క పొద్దుటికే.

వాళ్ల సలహాల వల్ల నా డిజైను చాలా మారింది. ఫిబ్రవరిలో నీటిమట్టం 3.2 మీటర్ల లోతులో ఉంది. మా సెల్లార్ తవ్వకం 4 మీటర్లు. తవ్వకం కాంట్రాక్టరు రెండు మోటార్లు పెట్టి రాత్రింబవళ్లు తోడి వరద కాలువలోకి వదిలేద్దామన్నాడు. అందరం ఎప్పుడూ చేసేది అదే. అలా తోడితే చుట్టుపక్కల నీళ్లన్నీ మా గుంత వైపు తిరుగుతాయని, వెనక మూలలో ఉన్నదీ, పక్క షెడ్ల కింద ఉన్నదీ మొత్తం మేమే లాక్కొచ్చి కాలువలో పోసినట్టవుతుందని మేడమ్ గీసి చూపించారు. మే దాకా ఆగమన్నారు. ఆగాను. మేలో నీళ్లు 5.1 మీటర్లకి దిగాయి, తోడాల్సిన అవసరమే రాలేదు. మధ్యలో ఒక వాన పడి గుంతలో నిలిచిన నీటిని ట్యాంకులో పట్టి, పరీక్ష చేసి, జీడిమెట్లలోని ఉమ్మడి వ్యర్థజలాల శుద్ధి కేంద్రానికి ట్యాంకరులో పంపాం. మూడు నెలలు ఆగడం వల్ల వడ్డీ పడింది, అది నిజం.

సెల్లార్ వెనక భాగంలో తీసేశాం. మట్టిలో మిగిలిన ఆవిరి నేల కింది గదిలోకి వచ్చి చేరుతుంది, అక్కడ డ్రైవర్లు, వాచ్‌మన్ కుటుంబం ఉంటారు. తొమ్మిది కార్ల జాగా పోయింది. ముందు భాగంలో సెల్లార్ నేల కింద మందమైన పొర వేసి, గాలి లాగే ఫ్యాన్లు పెట్టాం.

వెనక మూలలో సుమారు 140 ఘనపు మీటర్ల మట్టి తీశాం. తీసింది తీసినట్టు ప్లాస్టిక్ షీటు మీద పోసి, పైన టార్పాలిన్ కప్పి, కుప్పల వారీగా పరీక్ష చేశాం. దాదాపు 90 ఘనపు మీటర్లు దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి, అనుమతి ఉన్న బండ్లలో, చలానాతో వెళ్లింది. మిగతాది శుభ్రంగా ఉందని తేలాక అక్కడే వాడుకున్నాం. గుంత అడుగునా పక్కలా మళ్లీ నమూనాలు తీసి, బాగుందన్నాకే పూడ్చాం. టిప్పర్‌వాళ్లు చెరువు పక్కన పోసి వస్తాం, సగం ఖర్చే అన్నారు. ఒప్పుకోలేదు.

పాత బోరుని రాళ్లూ మట్టీ వేసి మూస్తే చాలనుకున్నాను. అది మూత కాదట, నీళ్లకి దారి అలాగే ఉంటుంది. సన్నటి పైపు అడుగుదాకా దింపి, సిమెంటు, బెంటోనైటు (నీళ్లు తగిలితే ఉబ్బే బంకమట్టి) కలిపిన గంజి కింది నుంచి పైకి నింపుకుంటూ వచ్చారు. లెక్క ప్రకారం 26 బస్తాలు పట్టాలి, 34 పట్టాయి. ఎక్కువైన ఎనిమిది బస్తాలూ పగుళ్లలోకి పోయాయి. డ్రమ్ముల నీళ్లు ఎటు పోయాయో ఆ ఎనిమిది బస్తాలే చెప్పాయి.

ఇంకుడు గుంత కూడా మొదట వెనక మూలలోనే గీశాం. వాన నీళ్లు అక్కడ దింపితే ఉన్న మురికిని ఇంకా కిందికి తోస్తాయని దాన్ని ముందుకి మార్చారు. ఇంకుడు గుంత మంచిదే, కానీ ఎక్కడ తవ్వుతున్నామో చూసుకోవాలి. ఇది నాకు ఎవరూ ఇదివరకు చెప్పలేదు.

కాంక్రీటు విషయంలో బిల్డర్లకి పనికొచ్చే సంగతి ఒకటి. మా నీటిలో సల్ఫేట్ లీటరుకు 900 మిల్లీగ్రాములు. ల్యాబ్ దాన్ని ఎస్ఓ4 (సల్ఫేట్) గా ఇస్తుంది, కాంక్రీటుకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456లో పట్టిక ఎస్ఓ3 (సల్ఫర్ ట్రైఆక్సైడ్) లో ఉంటుంది. 0.83తో గుణిస్తే దాదాపు 750, అంటే లీటరుకు ముప్పావు గ్రాము, పట్టికలో రెండో తరగతి. దాని ప్రకారం పునాదికి సిమెంటు రకం, నీటి పాళ్లు మార్చాం. క్లోరైడ్ 640 ఉంది, ఉక్కు వేసే కాంక్రీటు కలిపే నీటిలో 500 దాటకూడదు. కాబట్టి సైట్‌లో పనికి వాడుతున్న బోరు (ఎండిన పాత బోరు కాదు, వేరేది) నీళ్లు కాంక్రీటుకి బంద్. మొత్తం ట్యాంకరు నీళ్లే.

కూలీలు పద్నాలుగు కుటుంబాలు సైట్‌లోనే ఉండేవారు, ఆ బోరు నీళ్లతోనే స్నానాలు. పిల్లలకి ఒంటిమీద దద్దుర్లు వచ్చాయని మేస్త్రీ చెప్పినప్పుడు వేడి వల్ల అనుకున్నాను. ఆ నీళ్ల వల్లేనని ఏ డాక్టరూ రాసివ్వలేదు, కానీ రిపోర్టు వచ్చిన రోజే ఆ బోరు మోటారు తీసేసి, వాళ్ల గుడిసెల్ని ముందువైపుకి మార్చాను. సంస్థ కుర్రాడు తెలుగులో, హిందీలో కూర్చోబెట్టి చెప్పాడు. ఒడిశా వాళ్లకి అర్థం కావడం లేదని గమనించి, వాళ్లలోనే చదువుకున్న ఒకతన్ని నిలబెట్టి ఒడియాలో చెప్పించాడు. మట్టి కుప్ప దగ్గరికి పిల్లలు రాకూడదు, చేతులు కడగకుండా అన్నం తినకూడదు, వాసన వస్తే పని ఆపి చెప్పాలి. ఇవే మూడు మాటలు, మళ్లీ మళ్లీ.

మేము కొత్తగా మురికి చేయకుండా కూడా చూశారు. జనరేటరు డీజిల్, సెంట్రింగ్ నూనె డ్రమ్ములకి చుట్టూ గట్టు కట్టించారు, అన్నిటికన్నా పెద్ద డ్రమ్ము మొత్తం కారిపోయినా ఇంకో పదో వంతు పట్టేలా. మిక్సర్ లారీలు కడిగే నీళ్లకి షీటు పరిచిన గుంత వేరుగా తవ్వించారు. ఆ నీళ్ల పీహెచ్ 12 దాకా ఉంటుంది, చర్మం కాలుస్తుంది.

ఇక స్టార్ ఎందుకు తగ్గించానో చెప్పాలి. రిపోర్టు చెప్పిన తేదీకి పదకొండు రోజులు ఆలస్యంగా వచ్చింది, ఆ పదకొండు రోజులూ నాకు ఒకటే టెన్షన్. శనివారాలు ఫోన్ ఎత్తరు. ఒక సీసా వాళ్ల బండిలోనే పగిలితే మళ్లీ రావడానికి డబ్బులు అడిగారు, వాదిస్తే సగం తగ్గించారు. పూర్తిగా వదిలేయాల్సింది. రిపోర్టు 140 పేజీలు, మొత్తం ఇంగ్లీషు. నేను చదవగలను, అక్క చదవలేదు, పెద్దమ్మ చదవలేదు. తెలుగులో కావాలని పట్టుబడితే నాలుగు పేజీలు రాసిచ్చారు. ఆ నాలుగు పేజీలూ అడగకుండానే ప్రతివాళ్లకీ ఇవ్వాలి, ఎందుకంటే ఆ నీళ్లతో బతికేది వాళ్లే.

కాలుష్య నియంత్రణ మండలికి ఈ వివరాలతో మార్చిలో నేనే ఉత్తరం ఇచ్చాను, ముసాయిదా వీళ్లే రాశారు. ఆ తర్వాత 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకి ప్రత్యేకంగా నియమాలు తెచ్చింది. ఇలాంటి స్థలాల్ని జిల్లా యంత్రాంగం గుర్తించడం, రాష్ట్ర మండలి పరీక్షించడం, పాడుచేసినవాళ్ల దగ్గరే ఖర్చు వసూలు చేయడం అందులో ఉన్నాయి. పాత ఫ్యాక్టరీ స్థలం, గోడౌన్ స్థలం, పెట్రోలు బంకు స్థలం డెవలప్‌మెంట్‌కి తీసుకునేవాళ్లు సంతకం పెట్టకముందే కనీసం మొదటి దశ చేయించండి. నేను అగ్రిమెంటు అయ్యాక చేయించాను, ఖర్చు ఎవరు భరించాలన్న దగ్గర అక్కతో మూడు నెలలు నలిగాను.

నీళ్లు ఇంకా శుభ్రం కాలేదు. మూలం తీసేశాం, దారి మూసేశాం, మూడు నెలలకోసారి కొలుస్తున్నాం. వెనక బావిలో డైక్లోరోమీథేన్ 310 ఉన్నది 240, తర్వాత 190, పోయినసారి 150. ఫ్లాటు చూడటానికి వచ్చే ప్రతి కుటుంబానికీ ఈ కాగితాలు ముందే చూపిస్తున్నాను, బిల్డింగుకి బోరు ఉండదని, వాటర్ బోర్డు నీళ్లేనని చెబుతున్నాను. ఇద్దరు అడ్వాన్సు వెనక్కి తీసుకున్నారు. ఏడుగురు ఉన్నారు.

వచ్చే నెల మళ్లీ నమూనాలు తీస్తారు. పెద్దమ్మ బోరు కూడా ఆ జాబితాలో ఉంది. పరిశీలన బావుల మూతలకి తాళాలు వేసి ఒక తాళంచెవి నా దగ్గర, ఒకటి మేడమ్ దగ్గర ఉంచాం.